శ్రీముఖలింగం శాసనం తరగతి తెర మీదికి

ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి తీసిన శాసనం ఫొటోలో రాయి కనిపిస్తుంది గానీ అక్షరం కనిపించదు. అక్షరం చెక్కిన గాడి. గాడిలో నీడ పడితేనే కంటికి ఆనుతుంది. చరిత్ర, తెలుగు తరగతుల్లో చూపించే శాసనాల బొమ్మలు చాలావరకు చదవడానికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం నుంచి వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగం ఒక్క పూటలో వెళ్లి రాగల దూరం. తూర్పు గాంగ రాజుల కళింగనగరంగా పేరుపడ్డ ఊరది. మధుకేశ్వరాలయం గోడల మీద శాసనాలున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి, పైగా నిత్యపూజలు జరిగే గుడి. స్టాండు, లైట్లు పెట్టాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, పూజ వేళలు కనుక్కోవాలి. అక్షరం తేలడానికని సుద్దపొడి, నూనె, నీళ్లు రాయకండి. ఆ మరక రాతిలోనే ఉండిపోతుంది.

సాధనకు గుడిదాకా పోనక్కర్లేదు. కొత్తగా గంట్లు కొట్టించిన సన్నికల్లు చాలు. గది చీకటి చేసి టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు, 15 డిగ్రీల వాలులో పట్టుకోండి. ఎడమ నుంచి వెలుగు వేస్తే నిలువు గాట్లు తేలి అడ్డగాట్లు మాయమవుతాయి, పైనుంచి వేస్తే అడ్డగాట్లు తేలతాయి. గీత నడిచే దిక్కులోనే వెలుగు పోతే నీడ పడదు మరి. అందుకే ఒక్క ఫొటోను నమ్మి శాసన పాఠం చదవకూడదు. ప, వ లాంటి జంటల్లో తేడా ఒక చిన్న గీతదే. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు తీయడం కనీస మర్యాద.

ఇంకా లోతుగా చేయాలంటే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ ఉంది. అంటే వేర్వేరు దిక్కుల వెలుగులో తీసిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌తో కలిపి, తెర మీద వెలుగును కావలసిన వైపు తిప్పి చూసుకోవడం. 2001లో హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు బయటపెట్టిన పద్ధతికి కొనసాగింపు ఇది. కెమెరా కదలదు, వెలుగే తిరుగుతుంది. 12 దిక్కులు, ఒక్కో దిక్కున 4 ఎత్తులు, మొత్తం 48 ఫొటోలు. 15 నుంచి 65 డిగ్రీల మధ్య ఎత్తులు మార్చుకోవాలి. ఫ్రేములో 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు పడుతుందనుకుంటే ఐమూల 72 సెంటీమీటర్లు. దీపం దూరం దానికి 2 నుంచి 4 రెట్లుండాలి కాబట్టి 2 మీటర్ల దారం సరిపోతుంది. ప్రతిసారీ దారంతో కొలిచి, దాన్ని తప్పించాకే క్లిక్ చేయాలి. దారం రాతికి తగలకూడదు.

అక్షరాల పక్కన, అదే మట్టంలో, నల్లటి నున్నటి గోళీలు రెండు ఉండాలి. వాటి మీద పడ్డ మెరుపు చుక్కను బట్టి వెలుగు ఎటునుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. గాజు గోళీలు పనికిరావు, వెలుగు లోపలికి పోతుంది. ఫొటోలో గోళీ అడ్డంగా కనీసం 250 పిక్సెళ్లుండాలి. 6000 పిక్సెళ్ల వెడల్పు కెమెరాకు పై ఫ్రేములో సెంటీమీటరుకు 100 పిక్సెళ్లు వస్తాయి, అంటే రెండున్నర సెంటీమీటర్ల గోళీ కావాలి. వాటిని రాతికి అంటించకండి, విడి స్టాండుకి బిగించండి.

పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఎక్స్‌పోజరు, ఫోకసు, వైట్ బ్యాలెన్సు ఆటోలో వదిలేస్తే ఫొటోకీ ఫొటోకీ లెక్క మారిపోతుంది, కాబట్టి మూడూ చేత్తో బిగించాలి. రెండోది, బటన్ నొక్కినప్పుడు స్టాండు వెంట్రుకవాసి కదిలినా 48 ఫొటోలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవు. రిమోట్ వాడండి.

తెర మీద పెట్టేటప్పుడు బొమ్మ పక్కన స్కేలు, వరుస సంఖ్య ఉండాలి. పాఠాన్ని యూనికోడ్‌లోనే టైపు చేయండి. యూనికోడ్ కాని ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో కొట్టినది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలుగా మారుతుంది, వెతికితే దొరకదు. గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. అవి శీర్షికలకు బాగుంటాయి, పాఠానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ హాయి. వరుసల ఎడం 1.5 పెట్టండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. పాత శాసనాల్లో వచ్చే ఴ అక్షరం 2014లో యూనికోడ్ 7.0లో చేరింది. అంతకు ముందు ఫాంట్లలో ఉత్త పెట్టె కనిపిస్తుంది, తరగతికి ముందే చూసుకోండి.

శకవర్షం పక్కనే క్రీస్తుశకం వేసేటప్పుడు 78 కలుపుతాం. కానీ జనవరి నుంచి శకవర్షం ముగిసేదాకా పడే తేదీకి 79 కలపాలి. తూర్పు గాంగ రాజు అనంతవర్మ చోడగంగుని పట్టాభిషేకం శక 999లో, అంటే 1078 ఫిబ్రవరిలో. 78 కలిపి 1077 అని రాసేస్తే తప్పు.

విద్యార్థులకు వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పోతే కుదించేస్తుంది, సన్నగీతలే ముందు పోతాయి. అచ్చయిన పాఠాన్ని మాత్రం వెంటనే పంపకండి. నాలుగు బొమ్మలిచ్చి, అనుమానమున్న అక్షరాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి ఎవరి పాఠం వాళ్లు రాసుకురమ్మనండి. అచ్చుప్రతి ఆ తర్వాతే.