తక్కువ బడ్జెట్‌లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్: బ్యారెల్ మార్చడానికి తొందరేం లేదు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లెవరైనా మొదటి రైఫిల్ ఏది కొనాలని అడిగితే నేను రూగర్ 10/22 అనే చెప్తాను. కానీ షాపుకి వెళ్లే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అయినా లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకుని దిగొద్దు, ఇమ్మిగ్రేషన్ మొత్తం దెబ్బతింటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డంకి లేదు. షాపులో 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఆపైన ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివి.

10/22 ఎందుకంటే, 1964 నుంచి వస్తున్న రైఫిల్ కాబట్టి విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలుతుంది, తర్వాతది తనంతట తానే లోడ్ అవుతుంది. మ్యాగజైన్‌లో 10 పడతాయి. వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా, భుజానికి దెబ్బ తగిలినట్టే ఉండదు, పైగా అక్కడ బాగా వాడే ఏఆర్-15 రైఫిల్‌లో వేసే .223 తూటా ధరలో చిన్న వంతుకే వస్తుంది. అసలు బడ్జెట్ అనేది ఇక్కడే తేలుతుంది, ఎందుకంటే రైఫిల్ ఒకసారి కొంటాం, తూటాలు కొంటూనే ఉంటాం. ఇంకా తక్కువలో కావాలంటే సావేజ్ 64 ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో మార్లిన్ మోడల్ 60 కూడా మంచిదే, కాకపోతే దాంట్లో బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) కింద ఉన్న ఇంకో గొట్టంలోకి తూటాలు ఒక్కొక్కటిగా వేసుకోవాలి. పాతది కొనేటప్పుడు బ్యారెల్ లోపల తుప్పు ఉందేమో, మూతి అంచు నొక్కుకుపోయిందేమో లైటు వేసి చూడండి.

ఇక బ్యారెల్. కొత్త రైఫిల్ ఇంటికి రాగానే ఫ్యాక్టరీ బ్యారెల్ పీకేసి ఖరీదైనది వేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ డబ్బుతో ఎన్ని తూటాలు వచ్చేవో! .22 రైఫిళ్లకి తూటా విషయంలో పట్టింపు చాలా ఎక్కువ, ఒకే రైఫిల్ ఒక బ్రాండ్‌తో గుంపుగా కొడుతుంది, ఇంకో బ్రాండ్‌తో చెల్లాచెదురు చేస్తుంది. అందుకని ముందు నాలుగైదు రకాలు తెచ్చి, 50 గజాల దూరంలో, రైఫిల్‌ని కదలకుండా ఆనించి ఐదేసి చొప్పున కాల్చి చూడండి. సెకనుకి 1,070 అడుగుల వేగంతో వెళ్లే స్టాండర్డ్ వెలాసిటీ రకం తప్పకుండా పెట్టండి, ధ్వని వేగం దాటదు కాబట్టి చాలా రైఫిళ్లలో అదే నిలకడగా ఉంటుంది. స్కోప్ బిగింపు, స్టాక్ (బ్యారెల్‌ని మోస్తూ భుజానికి ఆనే చట్రం) స్క్రూ కూడా చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా గుంపు కుదరకపోతే అప్పుడు మార్చండి. 10/22లో బ్యారెల్‌ని పట్టి ఉంచేది ఒక బ్లాకు, రెండు స్క్రూలు, అంతే. 0.920 అంగుళాల మందంతో వచ్చే బుల్ బ్యారెల్ బల్ల మీద ఆనించి కాల్చేవాళ్లకి బాగుంటుంది, కానీ అది మామూలు స్టాక్ గాడిలో పట్టదు, స్టాక్ కూడా కొనాలి. చేత్తో పట్టుకుని కాల్చేవాళ్లకి ఆ బరువు అనవసరం, సన్నదే తీసుకోండి. పొడవు 16 అంగుళాలకి తగ్గకూడదు, తగ్గితే 1934 నాటి ఫెడరల్ చట్టం కింద ముందే రిజిస్టర్ చేయించుకోవాల్సిన ఆయుధం అవుతుంది. మరీ పొడవుదీ అక్కర్లేదు, అంత చిన్న తూటాలో తుపాకీ మందు 16 అంగుళాల లోపే దాదాపు కాలిపోతుంది. మ్యాచ్ ఛాంబర్ (తూటా కూర్చునే గది, పోటీల కోసం బిగుతుగా చేసింది) ఉన్న బ్యారెల్ కొంటే సీసీఐ స్టింగర్ తూటాలు వేయకండి, వాటి కేసు (తూటా వెనక ఉండే లోహపు గొట్టం) మామూలు కంటే పొడవు, తయారీదారులే వద్దంటారు.

పిల్లలున్న ఇంట్లో తాళం పడే సేఫ్ ఖర్చు కూడా రైఫిల్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి, కళ్లద్దాలు, చెవులకి మఫ్స్ కూడా. అవన్నీ కలిపితే బడ్జెట్ దాటుతోందంటే ఇంకో రెండు నెలలు ఆగి కొనండి.