చద్దన్నానికి తెలుపు పుయ్యకూడదు

వాటర్‌కలర్‌లో మొదటి స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ) అంటే పళ్లబుట్ట పెట్టుకోమన్నారు తెలిసినవాళ్లు. మా లంకలో పొద్దున్నే నా ఎదురుగా ఉండేది చద్దన్నం కంచం. పెరుగన్నం, పక్కన ఆవకాయ ముక్క, సగం కోసిన ఉల్లిపాయ. అదే పెట్టుకున్నాను.

వీధరుగు మీద పీట, పీట మీద స్టీలు కంచం. కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఏడింటికి కూర్చుంటే ఎనిమిదిన్నరకల్లా నీడలు జరిగిపోతాయి. అందుకే ముందు నీడల హద్దులు గీసేసుకున్నాను. తర్వాత ఎండ ఎటుపోయినా వాటి జోలికి పోలేదు.

కంచం అంచు నన్ను ఏడిపించింది. ఏటవాలుగా చూస్తే అది సాగిన గుండ్రం. నేను రెండు కొసలా మొనలు తేల్చాను, అచ్చం దోనెలా వచ్చింది. పాత నోటుబుక్కులో పదిసార్లు గీశాకే మంచి కాగితం తీశాను. 300 జీఎస్‌ఎం దళసరి కాగితం, పాడుచేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అయినా మొదటిది పాడుచేశాను. ఒక్కో మెతుకుకీ గీత గీసి కూర్చున్నాను మరి! మామ్మ వచ్చి చూసి, "ఏంటే ఇవి, చీమగుడ్లా?" అంది.

ఆ ఆదివారం రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లాను. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన చిత్రకారుడాయన. అక్కడ ఒక బొమ్మలో చీర మడతల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి కళ్లు సగం మూసి కంచం చూస్తే, మెతుకులు పోయి ఒక వెలుగు ముద్దా ఒక నీడ ముద్దా మిగిలాయి.

రెండో కాగితం మీద అన్నానికి తెల్లరంగు ముట్టనే లేదు. వెలుగున్నచోట కాగితాన్నే వదిలేశాను. నీడకి ఫ్రెంచ్ అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపితే బూడిదరంగు వస్తుంది, దాన్ని బాగా పల్చన చేసి పూశాను. వెలుగూ నీడా కలిసేచోట మాత్రం ఆరేడు మెతుకులు. అంతే, కంచం నిండా అన్నం కనపడింది.

శ్రావణమాసం, గాలంతా తేమ. పూసిన రంగు ఎంతకీ ఆరదు. ఓపిక పట్టలేక ఆవకాయ ఎరుపు పెట్టేశాను, అది అన్నంలోకి పాకింది. బ్రష్‌తో అద్దబోయి ఆగాను. ఊట పెరుగులోకి దిగినట్టే ఉంది! వదిలేశాను. నూనె మెరుపుకి చోటు వదలడం మర్చిపోయాను గానీ, మర్నాటికి పూర్తిగా ఆరాక బ్లేడు మొనతో గీకితే కింద తెల్ల కాగితం తేలింది.

అన్నిటికంటే ముదురు నీడ, కంచం పీటకి ఆనేచోట, చివర్న వేశాను. అప్పటిదాకా గాల్లో తేలుతున్న కంచం పీట మీద కూర్చుంది. మామ్మ మళ్లీ వచ్చింది. "పెరుగు చాల్లేదే," అని అసలు కంచంలో ఇంకో గరిటె వేసి పోయింది.