శంభు వాళ్లమ్మ కథలకి లండన్ బొమ్మలు

మా అమ్మాయికి బొమ్మ నచ్చితేనే పుస్తకం. ఇంగ్లండ్‌లో పెరుగుతున్న పిల్ల కదా అని ఇండియా నుంచి కథల పుస్తకాలు మోసుకొస్తే, "అందరికీ ఒకటే మొహం ఉందమ్మా" అని పక్కన పెట్టేసింది. అలాంటిది వార్విక్ గోబుల్ బొమ్మల దగ్గర మాత్రం ఆగిపోయింది.

గోబుల్ లండన్‌వాడు, 1862లో పుట్టాడు. హెచ్.జి. వెల్స్ నవల 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' 1897లో పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు దానికి బొమ్మలు వేసింది ఆయనే. తర్వాత నీటిరంగులకి మారాడు. అప్పటికి రంగుల అచ్చు బాగా కుదిరింది. బొమ్మల్ని నున్నటి కాగితం మీద విడిగా అచ్చువేసి పుస్తకంలో చేర్చేవారు. క్రిస్మస్ కానుకలుగా అలాంటి పుస్తకాలు తెగ అమ్ముడయ్యేవి. 1912లో మాక్మిలన్ కంపెనీ అచ్చువేసిన 'ఫోక్ టేల్స్ ఆఫ్ బెంగాల్'లో ఆయన రంగుల బొమ్మలు 32 ఉన్నాయి.

నాకు మొదట చిరాకేసింది. ఆ చీరలు మనవాళ్లెవరూ కట్టే తీరులో లేవు. అంతకు రెండేళ్ల ముందే జపాన్ కథలకి బొమ్మలు వేశాడు, ఆ వాసన బెంగాల్‌లోనూ వదల్లేదు. అందుకే పోటీగా 1913 నాటి ఇంకో పుస్తకం చూపించాను. సిస్టర్ నివేదిత మొదలుపెట్టి, ఆమె పోయాక కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామి పూర్తి చేసిన పురాణ కథలవి. బొమ్మలు అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్, మైసూరు వెంకటప్ప లాంటివాళ్లవి. నాకైతే ప్రాణం లేచొచ్చింది. పిల్ల మాత్రం "బాగున్నాయి, కానీ డార్క్‌గా ఉన్నాయి" అని మళ్లీ గోబుల్ దగ్గరికే పోయింది. చందమామలో వడ్డాది పాపయ్య రంగులు చూస్తూ పెరిగినదాన్ని, ఆ పిచ్చి నాకు తెలియనిదా! ఊరుకున్నాను.

అసలు గోబుల్ బొమ్మలేసిన ఆ బెంగాల్ కథలు రాసిన లాల్ బిహారీ దే సంగతి ఇంకా బాగుంటుంది. చిన్నప్పుడు ఊళ్లో శంభు వాళ్లమ్మ దగ్గర వందల కథలు విన్నాడట. పెద్దయ్యాక రాద్దామంటే దాదాపు అన్నీ మర్చిపోయాడు. ఒక బ్రాహ్మణ ముసలాయన్నీ, ఒక మంగలినీ, ఇంకా కొందర్నీ అడిగి పోగేసి 1883లో ఇంగ్లీషులో అచ్చువేయించాడు. ముందుమాటలో ఇదంతా ఆయనే చెప్పుకున్నాడు. మన కథలు ఇంగ్లీషులో చదివితే ఏం మిగులుతుందని నాకుండే బెంగ అది చదివాక కొంచెం తగ్గింది.

అందులో ఒక ముని ఎలుకని పిల్లిగా, కుక్కగా, చివరికి ఆడపిల్లగా మార్చే కథ ఉంది. ఆ పిల్ల రాణి అవుతుంది, బావిలో పడి చనిపోతుంది, అక్కడ నల్లమందు మొక్క మొలుస్తుంది. మా అమ్మాయి దాన్ని వీడియో కాల్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి మా అమ్మకి చెప్పింది.

"కాదే, సూర్యుడూ మేఘమూ గాలీ కొండా ఎవ్వరూ వద్దని చివరికి ఎలుకనే పెళ్లాడుతుంది. పంచతంత్రంలో అంతే" అంది మా అమ్మ.

"నో అమ్మమ్మా, బావిలో పడుతుంది!"

ఇద్దరూ తగ్గలేదు. నేను వంటకి లేచాను.