పిల్లిలు కాదే గుంటా, పిల్లులు

మేముండే జర్మనీలోని బవేరియాలో జులై చివరికి గానీ బళ్ళకి వేసవి సెలవులివ్వరు. అందుకని మా అమ్మాయికి తెలిసిన వైజాగ్ ఎప్పుడూ ఆగస్టు వైజాగే. పొద్దున్న ఆరింటికే మెడంతా జిగట, బీచ్ రోడ్డులో నిప్పుల మీద చిటపటలాడే మొక్కజొన్న పొత్తులు, ఎంవీపీ కాలనీలో మా అమ్మ వాళ్ళ ప్రహరీ గోడ మీద పిల్లులు.

గొడవ ఆ పిల్లుల దగ్గరే మొదలైంది. "అమ్మమ్మా, మూడు పిల్లిలు!" అని అరిచింది పాప. అమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే, "పిల్లిలు కాదే గుంటా, పిల్లులు" అంది.

"ఒకటి పిల్లి కదా?"

"పిల్లే. రెండైతే పిల్లులు. బల్లులు, పులులు, అన్నీ అంతే."

ఎందుకని అడిగితే అమ్మ నా వైపు చూసింది. నేను మాత్రం అప్పటికే ఆ మాటను ఫోన్‌లో రికార్డ్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. నవ్వుతున్న బొమ్మలు వరసగా పడుతున్నాయి. పాప నా భుజం మీదుగా ఫోన్ చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి దాకా తెలుగులో ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. అక్కడి బడిలో తల్లిదండ్రుల మీటింగ్. మీ ఊళ్ళో వాతావరణం ఎలా ఉంటుందని ఒకావిడ అడిగింది. ఉక్కపోతకి జర్మన్‌లో మాట 'ష్వ్యూల్'. నేను తడుముకోకుండా 'ష్వూల్' అన్నాను. మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళకి వాళ్ళు వాడే మాట అది. ఆవిడ మర్యాదస్తురాలు, నవ్వు మింగేసింది. మా పాపే ఇంటికొచ్చాక, "అమ్మా, ఇంకెప్పుడూ మా బళ్ళో మాట్లాడకు" అంది.

'ష్వ్యూల్' అని రాస్తున్నాను గానీ ఆ అచ్చు మన అక్షరాల్లో లేదు. అది ఊ కాదు, యూ కాదు. నాలుకని 'ఈ' దగ్గరే ఉంచి పెదాలని మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టాలి. చెప్పడం తేలికే. తెలుగు నోట్లో మాత్రం ఆ రెండూ కలిసే కదులుతాయి. ఇ, ఎ అన్నప్పుడు నాలుక ముందుకి, పెదాలు పక్కలకి. ఉ, ఒ అన్నప్పుడు నాలుక వెనక్కి, పెదాలు గుండ్రం. ముప్పై ఏళ్ళు కాడికి కట్టిన ఎడ్లలా కలిసి నడిచిన వాటిని విడదీయమంటే నా వల్ల కాలేదు.

మర్నాడు పాపని అద్దం ముందు నిలబెట్టాను. "గొంతు తియ్యకుండా 'సీత' అను. ఇప్పుడు 'సూది' అను." రెండో దానికి పెదాలు ఎప్పుడు చుట్టుకున్నాయో చూడమన్నాను. చూసింది. 'స' దగ్గరే, ఊ ఇంకా రాకుండానే. ఆ బుస కూడా 'సీ'లో సన్నగా, 'సూ'లో కాస్త బరువుగా వినిపిస్తుంది. పెదాలు చుట్టి ముందుకి నెడితే నోటి గొట్టం పొడవవుతుంది, చివర సన్నబడుతుంది. దాంతో ధ్వని కిందికి దిగుతుంది. పొట్టి వేణువు కీచుమంటుంది, పొడుగుది మంద్రంగా పలుకుతుంది, అదే లెక్క.

"నోరు రాబోయేదానికి ముందే తయారవుతుంది. 'లు'కి పెదాలు చుట్టాలి కదా, దాని ముందున్న 'ల్లి'కే చుట్టేసుకుంటాం. అప్పుడు 'ల్లి' కాస్తా 'ల్లు' అయిపోయింది" అన్నాను. మనిషి మనుషులైనప్పుడు 'ని' కూడా 'ను' అవుతుందని చూపించాను. ఒక్క 'లు' కోసం రెండక్షరాలు వెనక్కి!

కాసేపు ఆలోచించి, "కూ, క్యూయె లాగానా?" అంది. జర్మన్‌లో ఒక ఆవు, చాలా ఆవులు. పిల్లలకి ఈ ముక్క ఎక్కడ దొరుకుతుందో! దాదాపు అలాగే, కాకపోతే లాగే వైపు వేరు. పాదానికి జర్మన్‌లో 'ఫూస్', పాదాలు 'ఫ్యూసె'. పాత జర్మన్‌లో ఆ బహువచనం చివర 'ఇ' ఉండేది. అది ముందున్న అచ్చులో నాలుకని తన వైపుకి లాక్కుంది, పెదాలు మాత్రం గుండ్రంగానే ఉండిపోయాయి. మన 'లు' అయితే నాలుకనీ పెదాలనీ రెంటినీ లాగేస్తుంది. ఇంగ్లీషు ఫుట్, ఫీట్ కూడా ఆ దారినే వచ్చాయి. ఫీట్‌లో ఒకప్పుడు పెదాలు చుట్టేవారు, తర్వాత మానేశారు.

ఇదంతా వింటూ టీ ఊదుకుంటున్న అమ్మ, "ఏటే, 'ఈ' అంటూ ఊదడమేనా?" అంది. పళ్ళు కనిపించేలా 'ఈ' అని మొదలుపెట్టి, అలాగే గ్లాసు దగ్గరికి పెదాలు తెచ్చి ఊదింది. వచ్చేసింది! పాప చప్పట్లు కొట్టింది. మాటలో పెట్టి అనమంటే మాత్రం అమ్మకీ 'ష్వూల్' అనే వచ్చింది. నాకు ప్రాణం కుదుటపడింది.

గ్రూపులోంచి ఆ రికార్డింగ్ తీసేశాను, పాప చూస్తుండగానే.

ఆదివారం పొద్దున్న టిఫిన్ దగ్గర గోడ మీదికి చూసి, "నాలుగు పిల్లులు" అంది, ఎవరూ అడక్కుండానే. అమ్మ మురిసిపోయింది. పాప ప్లేటు చాచి, "అమ్మమ్మా, ఇంకో రెండు ఇడ్లులు" అంది.

అమ్మ నా వైపు చూసింది. దీర్ఘం ఉన్నచోట 'ఈ' కదలదని, ఇడ్లీలు, లారీలు అలాగే ఉంటాయని చెప్పడానికి నోరు తెరిచాను. ఫోన్ టేబుల్ మీదే ఉంది, ముట్టుకోలేదు.

"తిననీవే ముందు" అని అమ్మ రెండు ఇడ్లులు వేసింది.