పిల్లవాడికి బీపీ చూశారా?

మా బాబుకు గొంతు నొప్పి, జ్వరం పూర్తిగా తగ్గాయి. బడికీ వెళ్తున్నాడు. రెండు వారాలు గడిచాయో లేదో, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బింది. "ఒంటికి టీ రంగులో వస్తోందమ్మా" అని వాడే చెప్పాడు.

మా అత్తయ్య నీళ్లను అనుమానించారు. నల్లగొండలో పుట్టి పెరిగినవాళ్లకు అది సహజం, ఫ్లోరైడ్ ఎందరి ఎముకలను వంచిందో కళ్లారా చూశారు. డాక్టరు గారు మాత్రం నీళ్ల గురించి కాదు, "ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?" అని అడిగారు. తర్వాత బీపీ చూశారు. ఎనిమిదేళ్ల వాడికి బీపీ! అంకె చూడగానే చేర్చుకున్నారు. అది అదుపు తప్పితే ఫిట్స్ రావచ్చట.

స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరినప్పుడు దానితో పోరాడటానికి శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి బ్యాక్టీరియా పదార్థంతో కలిసి కిడ్నీలోని సన్నని వడపోత గుచ్ఛాల్లో చిక్కుకుంటే వాపు వస్తుంది. మావాడికి వచ్చిన ఈ జబ్బును గ్లోమెరులోనెఫ్రైటిస్ అంటారు. గొంతు నొప్పి తర్వాత 1 నుంచి 3 వారాలకు, చర్మం మీద పుండ్లయితే 3 నుంచి 6 వారాలకు ఇది బయటపడుతుంది. వాడి రక్తంలో ఏఎస్ఓ (స్ట్రెప్టోకాకస్ సోకిందని చూపే ప్రతిరక్షకం) పెరిగింది, సీ3 (రోగనిరోధక వ్యవస్థలోని ఒక ప్రొటీన్) తగ్గింది.

మూత్రం ఎక్కువగా పోవడానికి ఫ్యూరోసెమైడ్, బీపీకి మందు ఇచ్చారు. పెన్సిలిన్ గొంతులో మిగిలిన క్రిముల కోసమే, కిడ్నీ వాపు దానితో తగ్గదని ముందే చెప్పారు. తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాయడం, రోజూ బరువు చూడటం నా పని. అన్నిటికంటే కష్టం ఉప్పు మానిపించడం. తొక్కు లేనిదే ముద్ద దిగని పిల్లవాడు చప్పిడి పప్పు చూసి ఏడ్చేవాడు. నేనూ వాడితో పాటు అదే తిన్నాను.

చూడటానికి వచ్చిన బంధువులు వాడి ముందే డయాలసిస్ మాట ఎత్తడం నాకు చాలా కోపం తెప్పించింది. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. మావాడికీ మూత్రం పెరిగి, బరువు దిగి, ముఖం మునుపటిలా అయింది. రెండు నెలలకు చేసిన పరీక్షలో సీ3 మామూలు స్థాయికి వచ్చింది. కంటికి కనిపించని రక్తకణాలు మూత్రంలో ఇంకా ఉన్నాయి. అవి ఏడాది దాటినా ఉండవచ్చని, కంగారు వద్దని అన్నారు. బీపీ, మూత్ర పరీక్షలు మాత్రం మానకుండా చేయిస్తున్నాం.