పాత రంగుకే ఎక్కువ వెల

ఇటలీలో మోడెనా నగరం చుట్టూ, గంట ప్రయాణం కూడా లేని దూరాల్లో, ఫెరారి, లాంబొర్గీని, మసెరాటి, పగాని కర్మాగారాలు ఉన్నాయి. వాటి ఆసరాతో పాత కార్లను బాగుచేసే చిన్న షెడ్లు కూడా ఇక్కడ చాలానే నడుస్తున్నాయి. అలాంటి ఒకదానిలో నేను మెకానిక్‌గా పనిచేస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న నాకు ఇక్కడి పని అంత కొత్తగా లేదు గాని, ఆ పనికి వెలకట్టే పద్ధతి మాత్రం పూర్తిగా తలకిందులుగా ఉంది. ఆటోనగర్‌లో టింకరింగ్ చేయించి, పుట్టీ పెట్టించి, కొత్త రంగు కొట్టిస్తే పాత బండికి ధర పెరుగుతుంది. ఇక్కడ కర్మాగారంలో వేసిన రంగు పగిలి, వెలిసిపోయి ఉన్నా సరే, దాని మీద చెయ్యి వేయవద్దని యజమాని ముందే రాసి ఇస్తాడు.

శనివారాల్లో మా షెడ్డుకు కార్ల యజమానులు, దళారులు, ఒకప్పుడు ఆ కర్మాగారాల్లోనే పనిచేసి రిటైరైన పెద్దలు వస్తుంటారు. కాఫీ తాగుతూ వాళ్లు చేసే వాదనల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పేరు లాంబొర్గీని మియురా. 1966లో జెనీవా ప్రదర్శనలో బయటపెట్టిన ఈ కారులో పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను సీట్ల వెనుక అడ్డంగా అమర్చారు. చోటు చాలక గేర్‌బాక్సును కూడా అదే పోతలో కలిపేయడంతో రెండింటికీ ఒకే ఆయిల్ తిరిగేది. గేర్ల నుంచి రాలిన లోహపు పొడి ఇంజన్‌లోకి చేరుతుందన్న భయం యజమానులను వదల్లేదు. 1971లో వచ్చిన ఎస్‌వీ రకంలో, అదీ చివరి కార్లకు మాత్రమే, కంపెనీ ఆయిల్‌ను వేరుచేసింది. ఎస్‌వీలు మొత్తం 150; వాటిలో ఆయిల్ వేరైనవి ఇంకా తక్కువ. అందువల్ల బయటికి ఒకేలా కనిపించే రెండు ఎస్‌వీల ధరల మధ్య చాలా తేడా ఉంటుంది, దాని కారణమేమో కారు కిందికి దూరి చూసేవాడికి గాని తెలియదు.

పైగా మియురా ఒక్కచోట తయారైన కారు కాదు. ఛాసిస్‌ను మోడెనాలో మార్కేసి వారు, బాడీని టురిన్ దగ్గర బెర్టోనే వారు చేసి పంపితే, లాంబొర్గీని కర్మాగారం ఉన్న సాంటాగాటాలో ఇంజన్ ఎక్కించి పూర్తిచేసేవారు. ఛాసిస్‌కు ఒక నంబరు, ఇంజన్‌కు ఒకటి, బాడీకి మరొకటి. మూడూ పాత రికార్డులతో సరిపోతే ఒక ధర, ఏ ఒక్కటి తప్పినా మరో ధర. ఈ సరిచూపు పనిని ఇప్పుడు కంపెనీలే చేపట్టాయి: ఫెరారికి 2006 నుంచి క్లాసికె విభాగం ఉంది, లాంబొర్గీని 2015లో పోలో స్టోరికోను నెలకొల్పింది. తాను అమ్మిన వస్తువు అసలైనదేనని యాభై ఏళ్ల తరువాత కంపెనీ రుసుము తీసుకొని మరీ చెప్పడం నాకు కొంత విడ్డూరంగానే ఉంటుంది.

ఫెరారి 250 జీటీఓ అనే రేసు కారు దగ్గరికి వస్తే లెక్క మరీ విచిత్రం. 1962 నుంచి 1964 వరకు కట్టినవి 36. ఏ కారును ఏ రేసులో ఎవరు నడిపారో, ఎక్కడ గుద్దుకుందో, ఎవరెవరి చేతులు మారిందో అభిమానులు వరుసగా అప్పజెబుతారు. 2018లో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, 2023లో మరొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడయ్యాయి. రెండోది మిగతావాటిలా మూడు లీటర్లతో కాక, మొదట నాలుగు లీటర్ల ఇంజన్‌తో రేసుకు దిగింది కనుక దాన్ని ఆ 36తో కలిపి లెక్కించాలా వద్దా అని మావాళ్లు ఇంకా పోట్లాడుకుంటూనే ఉంటారు. రేసులో నలిగిన రేకు ఆ కారు గొప్పతనం కిందకు వస్తుంది. అదే దెబ్బ బజారులో తగిలితే ధర పడిపోతుంది.

పగాని ప్రస్తావన వచ్చినప్పుడు నేను కొంచెం దగ్గరగా నిలబడతాను, ఎందుకంటే ఒరాసియో పగాని కూడా వలస వచ్చినవారే. అర్జెంటీనా నుంచి వచ్చి లాంబొర్గీనిలో కింది స్థాయి పనివాడిగా చేరారు. కార్బన్ ఫైబర్‌ను ఉడికించే ఆటోక్లేవ్ అనే పెద్ద పొయ్యి కొనడానికి కంపెనీ ఒప్పుకోకపోతే అప్పుచేసి తానే కొనుక్కున్నారు. 1999లో తన పేరుతో జోండా అనే కారును తెచ్చారు.

కుర్రవాళ్ల మాటలన్నీ ఫెరారి ఎఫ్40, ఎఫ్50ల గురించే. 1987లో వచ్చిన ఎఫ్40ను 400 కట్టాలనుకున్నారు గాని 1300 దాటాయి. మరుసటి ఏడాది కంపెనీ స్థాపకుడు ఎన్జో ఫెరారి మరణించాక ఫెరారి ధరలు ఎగబాకి, 1990ల మొదట్లో కుప్పకూలాయి. ఆ దెబ్బ తిన్నవాళ్లు నేటికీ ఆచితూచి మాట్లాడతారు. 349 మాత్రమే కట్టిన ఎఫ్50ను చాలాకాలం చిన్నచూపు చూసినవాళ్లే ఇప్పుడు దానికి ఎఫ్40 కన్నా ఎక్కువ ఇస్తున్నారు.

కిలోమీటర్లు పెరిగితే ధర తగ్గుతుందని కొందరు కారును అసలు బయటికే తీయరు. నా దృష్టిలో అది కారును మెల్లగా పాడుచేయడమే. కదలకుండా ఉంటే సీళ్లు ఎండిపోతాయి, కార్బ్యురెటర్లలో పెట్రోలు జిగురుగా పేరుకుపోతుంది, మియురాకైతే అలాంటి కార్బ్యురెటర్లు నాలుగు, ఒక్కోదానికి మూడేసి గొట్టాలు. చాలా ఎఫ్40లలో పెట్రోలు ఉండేది రబ్బరు సంచుల్లో. నడిపినా నడపకపోయినా వాటికి గడువు ఉంటుంది, మార్చాలంటే ఖర్చు ఎక్కువే. పెట్టుబడి కోసం కొన్నవాళ్లు వేసుకునే లెక్కలో ఈ ఖర్చు సాధారణంగా ఉండదు. మా షెడ్డుకు మాత్రం ఏటా వచ్చే ఆదాయంలో పెద్ద వాటా ఆ బిల్లులదే.