నీళ్ళు పైకి ఎక్కిన గోడ

న్యూయార్క్‌లో భవనాల బయటిగోడల పనిలోకి, ఇక్కడ అందరూ ఫసాడ్ వర్క్ అనే దాంట్లోకి, ఎమ్మెస్ అయ్యాక వచ్చే తెలుగు పిల్లలకు మొదట చూపించాల్సింది ఎంపైర్ స్టేట్ కాదు. ఫస్ట్ అవెన్యూ మీద, 42వ వీధికీ 48వ వీధికీ మధ్య, ఈస్ట్ రివర్ ఒడ్డున ఉన్న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం. అందులో 39 అంతస్తుల సెక్రటేరియట్ ఈ నగరంలో కర్టెన్ వాల్, అంటే బరువు మొయ్యకుండా వేలాడే గాజు గోడ, తొడుక్కున్న మొదటి ఆకాశహర్మ్యం. మన గచ్చిబౌలిలో లేచిన గాజు భవనాలన్నిటికీ వంశవృక్షం గీస్తే పైన ఎక్కడో ఇదే ఉంటుంది. ఈ గోడకు వచ్చిన జబ్బులే తరవాతివాళ్ళకు పాఠాలయ్యాయి.

స్థలం సంగతి చూడండి. మొదట్లో సమితికి సొంత గూడు లేదు. సచివాలయం లాంగ్ ఐలండ్‌లోని లేక్ సక్సెస్‌లో ఒక ఫ్యాక్టరీ భవనంలో సర్దుకుంటే, సర్వసభ్య సభ క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్ పార్కులో కూర్చునేది. (ఆ పార్కుకు కాస్త దూరంలోనే ఇప్పుడు ఫ్లషింగ్ గణపతి గుడి ఉంది. 1977 జులై 4న కుంభాభిషేకం జరిగిన ఆ గుడిని నిలబెట్టడానికి ముందుపడిన అళగప్ప అళగప్పన్ ఐక్యరాజ్యసమితి ఉద్యోగే.) 1946 డిసెంబర్‌లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 85 లక్షల డాలర్లు ఇచ్చి మాన్‌హట్టన్‌లో స్థలం కొనిపెట్టారు. అప్పటికి అక్కడ ఉన్నవి కబేళాలు, పాత ఇళ్ళు. మొత్తం 17, 18 ఎకరాలు. నది పక్కగా వెళ్ళే హైవే భవనాల కిందుగానే పోతుంది, అంటే తూర్పువైపు కొంత భాగం నేల మీద కాదు, రోడ్డు మీద వేసిన ప్లాట్‌ఫామ్ మీద నిలబడింది.

డిజైన్ 1947లో తేలింది. న్యూయార్క్ ఆర్కిటెక్ట్ వాలెస్ హారిసన్ పెద్దగా, పది దేశాల ఆర్కిటెక్టులు కలిసి కూర్చున్నారు. ఫ్రాన్స్ తరఫున లె కార్బూజియే, బ్రెజిల్ నుంచి నీమయర్, చైనా నుంచి లియాంగ్ సిచెంగ్, స్వీడన్ నుంచి మార్కేలియస్ ఉన్నారు. లె కార్బూజియే 23వ నంబర్ ప్లాన్, నీమయర్ 32వ నంబర్ ప్లాన్ కలిపి చివరిది తయారైంది. ఎవరిది ఎంత అన్న పంచాయితీ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గోడ పని చేసేవాడికి అది అక్కర్లేదు. కావలసింది అంకెలు. అంచనా 8.5 కోట్ల డాలర్ల నుంచి 6.5 కోట్లకు పడింది, 45 అంతస్తులు 39 అయ్యాయి. ఆ 6.5 కోట్లు అమెరికా వడ్డీ లేకుండా అప్పిచ్చింది. చివరి కిస్తీ 1982లో కట్టారు.

1948 సెప్టెంబర్ 14న తవ్వకం మొదలు. ఉక్కు ఎత్తి నిలబెట్టినవాళ్ళలో ఉత్తర అమెరికా ఆదివాసులైన మొహాక్ తెగవాళ్ళున్నారు. మాంట్రియల్ పక్కన కాహ్నవాకే వాళ్ళ ఊరు. బ్రూక్లిన్‌లో గదులు అద్దెకు తీసుకుని, వారమంతా ఉక్కు ఎక్కి, శుక్రవారం సాయంత్రం కార్లలో బయల్దేరి రాత్రంతా నడుపుకుంటూ కెనడా వెళ్ళి ఆదివారం తిరిగొచ్చేవాళ్ళు. సరిహద్దు దాటే హక్కు కూడా వాళ్ళు కోర్టులో గెలుచుకున్నదే. 1920ల్లో వాళ్ళలో ఒక ఉక్కు పనివాణ్ణి దేశం నుంచి పంపించెయ్యబోతే, 1794 నాటి ఒప్పందం చూపించి కేసు నెగ్గారు. హెచ్‌1బీ స్టాంపింగ్ కోసం కాన్సులేట్ స్లాట్లు వెతుక్కునే మనవాళ్ళకు ఈ కథ తెలిసి ఉండటం మంచిదే.

ఆ రోజుల్లో రివెట్ పని, అంటే ఉక్కు ముక్కల్ని లోహపు మేకులతో బిగించే పని, నలుగురి ముఠా చేసేది. ఒకడు కొలిమి దగ్గర రివెట్‌ను ఎర్రగా కాల్చి పటకారుతో విసురుతాడు. రెండోవాడు డబ్బాతో పట్టి రంధ్రంలో దూరుస్తాడు. మూడోవాడు తల వైపు నుంచి బరువు ఆనించి పట్టుకుంటే, నాలుగోవాడు గాలి సుత్తితో రెండో కొస నలగ్గొడతాడు. రివెట్ ఆరకముందే ఇదంతా అయిపోవాలి, ఆరితే బిగుతు రాదు, ఊడగొట్టి మళ్ళీ వెయ్యాలి. నలుగురిలో ఒకడు రాకపోతే మిగతా ముగ్గురికీ ఆ రోజు కూలి లేదు. అందుకే ముఠాలో అన్నదమ్ములూ బావమరుదులూ ఉండేవాళ్ళు.

ఇక గోడ. సెక్రటేరియట్ 287 అడుగుల పొడవు, 72 అడుగుల వెడల్పు పలక. సన్నటి రెండు కొసలూ వెర్మాంట్ పాలరాయి, ఒక్క కిటికీ లేదు. వెడల్పాటి రెండు ముఖాలూ గాజు, మొత్తం 5,400 కిటికీలు. అంతస్తు పలక స్తంభాలను దాటి 2 అడుగుల 9 అంగుళాలు బయటికి వస్తుంది. గోడ ఆ అంచుకు వేలాడుతుంది. అందుకే బయటినుంచి చూస్తే స్తంభమే కనపడదు. ఆ నునుపు మధ్యలో నాలుగు చోట్ల అడ్డంగా జాలీ పట్టీలు ఉంటాయి, అవి ఏసీ యంత్రాల అంతస్తులు.

అందం బాగానే ఉంది, అసలు సమస్య అల్యూమినియంతో. 12 అడుగుల అల్యూమినియం ముక్క, శీతాకాలం తెల్లవారుజాముకూ వేసవి మిట్టమధ్యాహ్నానికీ లోహం మీద 60 సెల్సియస్ డిగ్రీల తేడా వస్తే, దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు జాయింటులో చోటు వదలాలి. చోటు వదిలితే నీళ్ళకూ దారి వదిలినట్టే. రాతిగోడ వాన నీటిని కొంత పీల్చుకుని తరవాత ఆరిపోతుంది. గాజు ఒక్క చుక్కా పీల్చదు, పడిన వాన అంతా జారి ఏదో ఒక జాయింటు మీదికే వస్తుంది. కాబట్టి కొంత లోపలికి వస్తుందని ముందే ఒప్పుకుని, దాన్ని తిరిగి బయటికి పంపడానికి ఫ్రేము అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. వాటినే వీప్ హోల్స్ అంటాం.

సెక్రటేరియట్‌లో నీళ్ళు వచ్చింది ఆ రంధ్రాల్లోంచే. నది మీదనుంచి వచ్చే గాలికి అడ్డం లేదు. 500 అడుగుల నున్నటి గోడకు తగిలిన గాలి పైకి లేస్తుంది, వాన కిందికి కాకుండా గోడ వెంబడి పైకి పాకుతుంది. నీళ్ళు బయటికి పోవాల్సిన రంధ్రాలు లోపలికి తాగడం మొదలుపెట్టాయి. లెక్క పెద్ద కష్టమేం కాదు. గంటకు 50 మైళ్ళ గాలి గోడ మీద దాదాపు 300 పాస్కల్ ఒత్తిడి పెడుతుంది. అది 31 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టే బలం. గదిలో ఒత్తిడి మామూలుగా ఉండి, కిటికీ లోపలి గట్టు ఎత్తు అంగుళమే ఉంటే, 25 మిల్లీమీటర్ల గట్టును 31 మిల్లీమీటర్ల నీళ్ళు దాటి గదిలో పడతాయి. సీలెంట్, అంటే జాయింటు సందులు మూసే జిగురు, ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. ఆ తరవాత వచ్చిన మార్గం ఏమిటంటే, ఫ్రేములో చిన్న గది కట్టి బయటి ఒత్తిడినే అందులోకి రానివ్వడం, గాలిని ఆపే సీలు మాత్రం నీళ్ళు తగలని లోపలి వరసలో పెట్టడం. అటూ ఇటూ ఒత్తిడి సమానమైతే నీటిని తోసే శక్తి ఉండదు.

ఎండ సంగతి ఇంకో కథ. లె కార్బూజియే 1947లోనే, బయట ఎండ ఆపే పలకలు లేకుండా న్యూయార్క్‌లో ఇంత గాజు పెట్టడం ప్రమాదమని అమెరికా ప్రతినిధి సెనేటర్ వారెన్ ఆస్టిన్‌కు ఉత్తరం రాశాడు. హారిసన్ వినలేదు. వేడిని పీల్చే పచ్చ గాజు, దాని వెనక ఏసీ చాలన్నాడు. నా దృష్టిలో ఇద్దరివీ సగం సగం మాటలే. మాన్‌హట్టన్ వీధులు ఉత్తరానికి 29 డిగ్రీలు పక్కకి తిరిగి ఉన్నాయి. భవనమూ ఆ వరసలోనే ఉంది కాబట్టి పడమటి ముఖం నిజానికి వాయవ్యం వైపు మొగ్గి ఉంటుంది. మే చివర, జులై మధ్యలో సూర్యుడు సరిగ్గా వీధుల కొసన అస్తమిస్తాడు. అంటే ఆ గాజుకు ఎదురుగా, నేల మట్టంలో. అడ్డ పలకలు పైనుంచి వచ్చే ఎండను ఆపుతాయిగానీ ఆ సాయంకాలపు ఎండను ఆపలేవు. ఇటు వేడి పీల్చే గాజు పీల్చిన వేడిలో కొంత గదిలోకే వదులుతుంది, అందులోనూ ఇది ఒంటి గాజు. భారమంతా ఏసీ మీద పడింది. ఆ ఏసీ వేడిని ఈస్ట్ రివర్ నీళ్ళలోకి వదులుతారు. తన పలకలు కట్టుకునే అవకాశం లె కార్బూజియేకు చండీగఢ్‌లో వచ్చింది.

ప్రారంభోత్సవం ఒకటి కాదు. 1949 అక్టోబర్ 24న ట్రూమన్ సమక్షంలో, ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ ఉండగా శంకుస్థాపన జరిగింది. అప్పటికే ఉక్కు చాలా పైకి లేచింది, మన దగ్గరైతే ముహూర్తం మించిపోయిందనేవాళ్ళు. 1950 ఆగస్టులో మొదటి ఉద్యోగులు దిగారు, 1951 జనవరికి సెక్రటేరియట్ నిండింది, పక్కన మిగతా భవనాల పని మాత్రం నడుస్తూనే ఉంది. 1952 అక్టోబర్ 14న కొత్త హాల్లో సర్వసభ్య సభ మొదటిసారి కూర్చుంది. ఆ హాలు మీది చిన్న డోమ్, డోమ్ లేకపోతే అమెరికా కాంగ్రెస్‌కు అది ప్రభుత్వ భవనంలా కనిపించదని ఆస్టిన్ చెప్పగా చేర్చిందంటారు. భద్రతా మండలి గదిని నార్వే, ట్రస్టీషిప్ గదిని డెన్మార్క్, ఆర్థిక సామాజిక మండలి గదిని స్వీడన్ అలంకరించాయి. స్వీడన్ గదిలో ప్రేక్షకుల పైకప్పులో పైపులూ డక్టులూ మూయకుండా వదిలేశాడు మార్కేలియస్. పని ఎప్పుడూ పూర్తి కాదని దాని భావమని గైడ్లు చెప్తారు. మెయింటెనెన్స్ వాళ్ళకు మాత్రం అది వరం, నిచ్చెన వేసుకుంటే వాల్వు అందుతుంది.

ఒంటి గాజు యాభై ఏళ్ళు దాటింది. వేడి తగ్గించడానికి మధ్యలో అతికించిన ఫిల్ముల వల్ల రంగు కూడా మారిపోయింది. 2008 నుంచి మొత్తం ఆవరణను ఖాళీ చేస్తూ బాగుచేశారు, ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది. ఆస్బెస్టాస్ తీశారు. ఉత్తరపు పచ్చికలో తాత్కాలిక భవనం కట్టి సభలు అందులో జరిపారు. గాజు గోడను ఒక్క ముక్క మిగల్చకుండా మార్చి, రెండు పొరల గాజు వేసి, బయటి రూపం మాత్రం 1950 నాటి రంగుకే తెచ్చారు. ఉద్యోగులు తిరిగొచ్చిన ఏడాదే, 2012 అక్టోబర్ 29న, శాండీ తుఫాను నది నీళ్ళను బేస్‌మెంట్ యంత్రాల్లోకి తెచ్చింది. కాన్ఫరెన్స్ భవనం పైకప్పు మీద 2019లో వచ్చిన 193 సోలార్ పలకలు, సభ్యదేశానికి ఒకటి చొప్పున, మన దేశం ఇచ్చినవి. మొత్తం 50 కిలోవాట్లే, ఈ భవనం ఆకలికి అది అరపూట టిఫిను కూడా కాదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు. న్యూయార్క్ పెద్ద సైట్లలో 40 గంటల ఎస్‌ఎస్‌టీ (సైట్ సేఫ్టీ ట్రైనింగ్) కార్డు లేనిదే గేటు దాటనివ్వరు, సూపర్‌వైజర్‌కైతే 62 గంటలు. ఆరంతస్తులు మించిన ప్రతి భవనం బయటిగోడనూ అయిదేళ్ళకోసారి తనిఖీ చెయ్యాలన్నది నగర చట్టం, మన పిల్లలకు ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే. గాలి గంటకు 30 మైళ్ళు దాటితే వేలాడే స్కాఫోల్డ్ దించాలి, ఫోర్‌మన్ ఏమన్నా సరే.

నీళ్ళ పరీక్షకు గొట్టం నాజిల్‌ను జాయింటుకు అడుగు దూరంలో పట్టుకుని, 30 నుంచి 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో, ప్రతి 5 అడుగుల జాయింటుకూ 5 నిమిషాలు కొట్టాలి. మొదలు అన్నిటికంటే కింది జాయింటు నుంచి. చాలామంది పైనుంచి మొదలుపెడతారు, నీళ్ళు కిందికి జారి కింది జాయింట్లన్నీ ఒకేసారి తడుస్తాయి, కారింది ఏదో తేలదు, రోజంతా వృథా. లోపల ఒకరు టార్చితో కాచుకుని, తడి కనపడిన నిమిషం రాసుకోవాలి. పరీక్షకు ముందు వీప్ హోల్స్ తెరిచే ఉన్నాయా అని సన్నటి తీగతో చూడండి. ఎక్కడ రంధ్రం కనపడితే అక్కడ సీలెంట్ తుపాకీ పెట్టేసే పనివాళ్ళు ప్రతి సైటులోనూ ఉంటారు. అప్పుడు లోపలికొచ్చిన నీళ్ళకు గదే దారి. ఆ సీలెంట్ గీకించి, రెండు రోజులు ఆగి, మళ్ళీ కింది జాయింటు నుంచే మొదలుపెట్టండి.